నలభై ఒకటో నంబరు ఎడమ చెవి

ఆ రోజు పొద్దున కుట్టుమిషనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు కాచాలి, కూతురికి డబ్బా కట్టి పంపాలి, నాలుగు బడి చొక్కాలకు కాలర్లు వేయాలి. పదిన్నరకు నగరపాలక కార్యాలయానికి వెళ్ళి కూతురి దరఖాస్తు పెట్టెలో వేసి, వచ్చే దారిలో తెల్ల దారం ఉండలు కొనుక్కోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని మీరూ నేనూ అనుకుంటాం. ఆమె మాత్రం పాలు పొంగేలోపే వాన పడి కవరు తడిసినట్టు, బస్సు గుద్ది తాను పోయినట్టు, గుమిగూడిన జనం కాళ్ళకింద ఆ కవరు నలిగిపోయినట్టు అన్నీ చూసేసింది. తాను పోయినందుకు కాదు, కవరు నలిగినందుకు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

భర్త పోయి నాలుగేళ్ళయింది. తలుపు పక్కన కిటికీకి ఆనించి ఉన్న కుట్టుమిషను, జిరాక్సు దుకాణంలో కూతురి పని, ఈ రెండే ఆ ఇంటిని నిలబెడుతున్నాయి. కూతురికి వచ్చే నెల పదో తేదీకి ముప్పై అయిదు నిండుతాయి. ఆ తర్వాత ఏ ప్రభుత్వ కార్యాలయమూ ఆమెను ఉద్యోగంలోకి తీసుకోదు. ఇదే ఆఖరి ప్రకటన. శ్మశానాల విభాగంలో రికార్డు గుమాస్తా. ఒకే ఒక్క పోస్టు.

"చచ్చినవాళ్ళ పేర్లు రాసే ఉద్యోగమేమిటే, వినడానికే ఒళ్ళు జలదరిస్తోంది," అంది తల్లి.

"జిరాక్సు దుకాణం రేపు మూసేసినా మూసేస్తారు. శ్మశానం మూసేస్తారా?" అంది కూతురు చెప్పులు వేసుకుంటూ. "ఇదిగో, రెండు కవర్లు. పెద్దది నల్ల పెట్టెలో వెయ్యి. చిన్నది గులాబీ పెట్టెలో. చిన్నదాన్ని తెరవకు."

"తెరిస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. దాని మీద పేరుండదు. ఎలాంటివాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటున్నారో లెక్క చూసుకోవడానికి తీసుకుంటారంతే. అందరికీ సమానంగా అవకాశం అందుతోందో లేదో తెలియాలి కదా."

"పేరు లేకపోతే నీదని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"తెలియకూడదనే కదమ్మా పేరు లేనిది," అని కూతురు వెళ్ళిపోయింది.

ఈ జవాబుతో ఊరుకునే తల్లులు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. కుట్టుమిషనమ్మ పాలగిన్నె ఆవిరి మీద చిన్న కవరును పట్టింది. బంక వదిలింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

లోపల గులాబీ రంగు కాగితం. ఆమె ఎనిమిదో తరగతి వరకే చదివింది గనక ఒక్కో వరుసా వేలుపెట్టి చదివింది. ఆడా మగా, వయసెంత, ఇంట్లో ఏ భాష, పెళ్ళయిందా. ఆఖర్న, 'మీకేమైనా వైకల్యం ఉందా?' దాని కింద చూపు, వినికిడి, నడక, ఇతరం, చెప్పడం ఇష్టం లేదు అని అయిదు గడులు. వినికిడి గడిలో కూతురు టిక్కు పెట్టింది. ఒకసారి పెట్టి, చాలదన్నట్టు దాని మీదే మళ్ళీ దిద్దింది.

చూసిన డాక్టరును వదిలేస్తే ఆ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. వాళ్ళలో ఒకరు పోయారు కూడా. కూతురికి ఆరో ఏట ఎడమ చెవిలో చీము పట్టింది. డాక్టరు కోస్తాడని భయపడి, నాలుగు రోజులు గోరువెచ్చని నూనె చుక్కలు వేస్తూ కూర్చుంది తల్లి. అయిదో రోజు డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, "నాలుగు రోజుల ముందు తెచ్చుంటే" అన్నాడు. ఆ మాటను ఆయన పూర్తి చేయలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమే పూర్తి చేసుకుంటోంది.

ఆ టిక్కు ఆమెకు టిక్కులా కనిపించలేదు, తన మీద రాసిచ్చిన ఫిర్యాదులా కనిపించింది. కొట్టేద్దామంటే కొట్టివేత ఉన్న కాగితం చెల్లదంటారేమో. చించేద్దామంటే కూతురికి ఏమని చెప్పాలి. చివరికి కవరు అంటించి, అది వేయకుండా తిరిగి తెచ్చేద్దామని చేతిసంచి అడుగున దాచుకుని బయలుదేరింది.

కార్యాలయం ముందు వరండాలో రెండు పెట్టెలూ, వాటి వెనక బల్ల దగ్గర ఒక అటెండరూ ఉన్నారు. పదవీ విరమణకు మూడు నెలల దూరంలో ఉన్న మనిషి. ఆ మూడు నెలలూ ఏ గొడవా లేకుండా గడిచిపోవాలన్నది ఆయన ఒక్కగానొక్క కోరిక. పెద్ద కవరు తీసుకుని, నలభై ఒకటి అని నంబరు వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

"గులాబీది ఏదమ్మా?"

"అది తప్పకుండా వెయ్యాలా బాబూ?"

"రెండూ వెయ్యాలి. నల్ల పెట్టెలో అరవై ఉండి గులాబీ పెట్టెలో యాభై తొమ్మిది ఉంటే, ఆ ఒక్కటీ ఏమైందని నన్ను పీకి పాకం పెడతారు."

ఆయన చూపు చేతిసంచి మీదే ఉంది. ఆమె కవరు తీసి గులాబీ పెట్టెలో వేసింది. అది అడుగున పడిన చప్పుడు ఆమెకు చాలాసేపు వినిపించింది.

దారం కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చింది. కాలరు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. పెట్టె తెరుస్తారు. మందపాటి టిక్కు చూస్తారు. దరఖాస్తు మీది చేతిరాతతో పోల్చి చూస్తారు. 'చెవిటిదానికి ఉద్యోగమా' అంటారు. 'ఇలా చేసింది ఎవరు' అంటారు. మధ్యాహ్నం రెండింటికి ఇక ఉండలేక, కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, తన జీవితంలో మొదటి అధికారిక లేఖ రాసింది.

'గౌరవనీయులైన అధికారిగారికి. దరఖాస్తు నంబరు నలభై ఒకటి నా కూతురిది. ఆమెకు ఎడమ చెవి వినపడదన్న సంగతి దయచేసి ఎవరికీ తెలియనివ్వకండి. గులాబీ పెట్టెలో మందపాటి టిక్కు ఉన్న కాగితం ఆమెదే. వేరేవాళ్ళదని పొరపాటు పడకండి. ఇట్లు, తల్లి.'

కింద సంతకం పెట్టి, అనుమానం రాకుండా ఇంటి చిరునామా కూడా రాసింది. నల్ల పెట్టెలో వేసి వచ్చాక మనసు కాస్త కుదుటపడింది. ఆ రాక్షస కాగితాన్ని తన ఉత్తరం అడ్డుకుంటుందని ఆమె నమ్మకం.

కార్యాలయం తన పని తాను సక్రమంగా చేసింది. గుమాస్తా లేఖ మీద ముద్ర వేసి ఇంటర్వ్యూ బోర్డు అధ్యక్షుడికి పంపాడు. ఆయన చదివి, పక్కనున్న ఇద్దరు సభ్యులకు, "ఇదేమిటో మీకేమైనా అర్థమైందా?" అని పైకి చదివి వినిపించాడు. అప్పుడు సమాన అవకాశాల అధికారిణి లోపలికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, నిబంధనల పుస్తకం ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. గులాబీ కాగితంలోని సంగతి తెలిసినవారు ఆ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేయరాదు, ఒక బోర్డే అభ్యర్థులందరినీ చూడాలి, ఎవరిదో తెలిసిపోయిన గులాబీ కాగితాన్ని చించివేయాలి. మూడు నిబంధనలూ ఆమె గడగడా అప్పజెప్పింది. బోర్డు లేచి వెళ్ళిపోయింది. కాగితం చిరిగిపోయింది.

నాలుగో రోజు ఇంటికి జవాబు వచ్చింది. 'తమ లేఖ కారణంగా బోర్డు సభ్యులు ముగ్గురూ తప్పుకున్నారు.'

కుట్టుమిషనమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తన చేతిరాత వల్ల ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. వాళ్ళకు పెళ్ళాం పిల్లలు ఉంటారు. ఫీజులు ఉంటాయి. కూతురు దుకాణం నుంచి రాకముందే వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలి. ఆమె మిషను మీద గుడ్డ కప్పి పరుగెత్తింది.

"ఇంటర్వ్యూ బోర్డువాళ్ళు ఎక్కడ బాబూ?"

"పై అంతస్తు, మూడో గది. కానీ లోపల మీటింగు," అంటుండగానే ఆమె మెట్లెక్కేసింది. అటెండరు వయసు ఆయన్ని మొదటి మలుపు దగ్గరే ఆపేసింది.

మూడో గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. అధికారిణి వాళ్ళకు నిబంధనలు చెబుతోంది. కుట్టుమిషనమ్మ గుమ్మంలోనే చేతులు జోడించింది.

"అయ్యా, నన్ను క్షమించండి. మా అమ్మాయి చెవి మూలంగా మీ ముగ్గురికీ ఉద్యోగాలు పోయాయట."

ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మేం నిన్ననే వచ్చిన కొత్త బోర్డమ్మా. ఏ అమ్మాయి? ఏ చెవి?"

అధికారిణి కళ్ళు మూసుకుంది.

"నలభై ఒకటో నంబరండీ. ఎడమ చెవి. కుడిది శుభ్రంగా పనిచేస్తుంది, దాని మీద ఒట్టు," అంది కుట్టుమిషనమ్మ. అడిగినదానికి నిజం చెప్పకపోతే ఇంకో తప్పు అవుతుందని ఆమె భయం.

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఫైలు మూసి అధికారిణి వైపు జరిపాడు.

ఆ సాయంత్రం అధికారిణి కూర్చుని బాగా ఆలోచించింది. ఈ లెక్కన రోజుకో బోర్డు పోతుంది. మూలం దగ్గరే ఆపాలి. అందుకని ఉద్యోగులందరికీ ఒక సర్క్యులర్ తయారుచేసింది. 'దరఖాస్తు నంబరు నలభై ఒకటికి చెందిన అభ్యర్థిని యొక్క ఎడమ చెవి విషయం ఎవరూ తెలుసుకోరాదు, చర్చించరాదు. చదివినట్టు ప్రతి ఒక్కరూ సంతకం చేయవలెను.' ఉద్యోగులు నూట పన్నెండుమంది. కార్యాలయంలో కాపీ యంత్రం ఆ వారమే చెడిపోయింది. అటెండరు ఆ కాగితం పట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న జిరాక్సు దుకాణానికి వెళ్ళాడు.

"నూట పన్నెండు తియ్యమ్మా. అర్జెంటు," అన్నాడు.

కౌంటరు వెనక ఉన్నామె కాగితం అద్దం మీద బోర్లా పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. చదివింది. అటెండరు ఆమె ఎడమవైపు నిలబడి ఏదో అంటున్నాడు. ఆమె తల తిప్పలేదు. మూత వేసి మీట నొక్కింది. యంత్రం కిందనుంచి వెచ్చవెచ్చగా ఒక్కొక్కటే ఆమె చెవి బయటికి వస్తూ ఉంది. నూట పన్నెండూ లెక్కపెట్టి, అంచులు సరిచేసి, కాగితం చుట్టి ఇచ్చింది. నూట పదమూడోది తనకోసం తీసుకుంది.

దాన్ని తెచ్చి కుట్టుమిషను మీద, సూది కింద పెట్టింది. తల్లి చదివి, కాలు తొక్కుడు పలక మీదనుంచి తీసేసింది.

"ఎవరికీ తెలియకూడదనే రాశానే," అంది.

"తెలుస్తూనే ఉంది. నూట పన్నెండుమందికి తెలియకూడదని రాసి సంతకాలు తీసుకుంటున్నారు."

"చెవిటిదని తీసేస్తారని భయపడ్డాను."

"అమ్మా, ఇన్నేళ్ళలో ఒక్క కాగితం నన్ను అడిగింది. ఉందా అని. నేనూ ఉన్నానని లెక్కలో పడనివ్వలేకపోయావా? నా చెవి నీ రహస్యం ఎలా అయింది?"

తల్లి కాలరు ముక్కను వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. "ఆ నాలుగు రోజులూ" అంది. డాక్టరులాగే ఆమె కూడా ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

"తెలుసు. నాన్న చెప్పాడు. నాకప్పుడు పదేళ్ళు."

"మరి నన్నెప్పుడూ ఒక్క మాటా అనలేదేమే?"

"అనుంటే నువ్వు అప్పుడే ఎవరికో ఉత్తరం రాసేదానివి," అంది కూతురు. తర్వాత లేచి, "ఇకనుంచి నువ్వు ఆ వీధిలోకి కూడా వెళ్ళొద్దు. పదో తేదీ వరకూ," అని లోపలికి వెళ్ళింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ తినలేదు. మరునాడు పొద్దున డబ్బా కట్టింది తల్లి. కూతురు దాన్ని బల్ల మీదే వదిలి వెళ్ళింది.

కార్యాలయంలో సర్క్యులర్ మూడు రోజులు తిరిగింది. చదవడం బద్ధకమైనవాళ్ళకు అటెండరే చదివి వినిపించాడు. ముందు తెలియనివాళ్ళందరికీ తెలిసింది. ఇక సొంత ఉద్యోగుల్లో బోర్డుకు పనికివచ్చేవాడు లేడు. అధికారిణి పక్క నగరం కార్యాలయానికి ఫోను చేసి ముగ్గురిని పంపమంది. కారణం రాతపూర్వకంగా పంపమన్నారు. పంపింది. కారణం తెలిసినందున తాము పనికిరామని రెండో రోజు జవాబు వచ్చింది.

పదో తేదీకి ఆరు రోజులే మిగిలాయి. సంతకాల పట్టిక ముందు పెట్టుకుని అధికారిణి మరోసారి లెక్కపెట్టింది. నూట పదకొండు. ఒకటి తక్కువ.

"ఇదెవరిది?" అని అడిగింది.

"శ్మశానం మేస్త్రీదండీ," అన్నాడు అటెండరు. "ఊరి చివర ఉంటాడు. కాగితాలు పంపినా చూడడు. అక్కడివాళ్ళెవరికీ తొందరుండదు కదా."

నిబంధనల పుస్తకం తిరగేస్తే, అత్యవసరంలో ఒక్కరితోనైనా బోర్డు నడపవచ్చని ఒక మూల ఉంది. మేస్త్రీని రమ్మన్నారు. తాను వస్తే గుంతలు ఎవరు చూస్తారని, కావాలంటే అభ్యర్థులనే ఇక్కడికి పంపమని ఆయన కబురు చేశాడు. అరవైమందికీ ఇంటర్వ్యూ స్థలం శ్మశానమని ఉత్తరాలు వెళ్ళాయి. వచ్చింది తొమ్మిదిమంది.

కుట్టుమిషనమ్మ కూతురి మాట ప్రకారం ఇల్లు కదలలేదు. అయితే ఆ రోజంతా కుట్టిన ప్రతి చొక్కాకూ ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. మేస్త్రీ ఎడమవైపు నుంచి అడుగుతాడు, పిల్ల పలకదు, పొగరనుకుంటాడు. జారి, తవ్విపెట్టిన గుంతలో పడుతుంది. ఎవరూ చూడరు. మట్టి వేసేస్తారు.

మేస్త్రీ అరవైకి దగ్గరపడ్డ మనిషి. రికార్డు గదిలో కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి, అభ్యర్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, "వచ్చినవాళ్ళతో మాట్లాడి పని చేసి పంపు. అదే ఇంటర్వ్యూ," అన్నాడు. అలా పని మీద వచ్చినవాళ్ళలో ఒక ముసలాయన ఉన్నాడు. భార్య పోయి తొమ్మిది రోజులు. ఆమెను పెట్టిన చోటు గుర్తుపట్టలేక అడగడానికి వచ్చాడు. ఆమె పేరు చెప్పబోతే పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. కూతురి కంటే ముందు కూర్చున్న అభ్యర్థులు నలుగురు, "గట్టిగా చెప్పండి తాతగారూ" అన్నారు. ఒకామె కాగితం ఇచ్చి రాయమంది. ఆయన చేతిలో కలం నిలవక కింద పడింది.

కూతురు కూర్చోగానే ముందు మేస్త్రీతో, "అయ్యా, నాకు ఎడమ చెవి వినపడదు. కాస్త ఇటు నిలబడండి," అంది. తర్వాత ముసలాయన ముఖంలోకి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె సగం మాటలు పెదాల మీదే చదువుతోంది. ఆయన ఒక్కసారే పెదాలు కదిపాడు. ఆమె రిజిస్టరు తిరగేసి, పేరు మీద వేలు పెట్టి, పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది. ముసలాయన ఆ పేరును తడిమి చూసి తల ఊపాడు.

ఆయనకు చోటు చూపించడానికి ముగ్గురూ బయటికి నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ ఆమెను తన ఎడమవైపుకు రమ్మన్నాడు.

"నాకు కుడిది పోయింది. బండరాళ్ళు పేల్చే పనిలో. ముప్పై ఏళ్ళయింది," అన్నాడు.

"కార్యాలయంలో చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు."

అలా నడిస్తే ఆమె కుడిచెవి, ఆయన ఎడమచెవి పక్కపక్కనే వచ్చాయి. గేటు దాకా ఇద్దరూ గొంతు పెంచకుండా మాట్లాడుకున్నారు.

మరునాడు అధికారిణి స్వయంగా వచ్చి పుస్తకం తెరిచింది. "నలభై ఒకటో నంబరు గురించి మీకు ముందుగా ఏమైనా తెలుసా?"

"ముందుగా ఏమీ తెలియదు."

"తర్వాత?"

"తర్వాత పని తెలిసిన పిల్ల అని తెలిసింది," అన్నాడు మేస్త్రీ. అధికారిణి 'ఏమీ తెలియదు' అని రాసుకుని సంతకం పెట్టించుకుంది.

ఎనిమిదో తేదీన నియామకపు ఉత్తరం వచ్చింది. కుట్టుమిషనమ్మ దాన్ని వెలుగుకు పట్టి చూసింది, వాసన చూసింది, వేరే ఎవరి ఉత్తరమో తప్పుగా వచ్చిందేమోనని నంబరు చూసింది. నలభై ఒకటే. కూతురు ఆ పొద్దున బల్ల మీది డబ్బా తీసుకుని వెళ్ళింది.

నెల తర్వాత, కూతురి చేరిక కాగితాలకు జత చేయాల్సిన ఒక ఫోటో ఇవ్వడానికి తల్లికి ఆ వీధిలోకి వెళ్ళే అనుమతి దొరికింది. వరండాలో నోటీసు బోర్డు మీద కొత్త పట్టిక అంటించి ఉంది. 'నియామకాల్లో సమాన అవకాశాలు: పరిశీలన నివేదిక.' ఆమె వేలుపెట్టి వరుస వరుసగా చదివింది. ఆడవాళ్ళు ఇంతమంది, మగవాళ్ళు ఇంతమంది. వినికిడి లోపం ఉన్న దరఖాస్తుదారులు: సున్నా. నియమితులైనవారు: సున్నా.

ఆమె వేలు ఆ సున్నా మీదే ఆగిపోయింది. పిల్ల రెండుసార్లు దిద్ది పెట్టిన టిక్కు. అప్పుడు ఆమె అటెండరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన పదవీ విరమణకు ఇంకా నెలన్నర ఉంది.

"బాబూ, ఇది తప్పు. మా అమ్మాయిని లెక్కలో వెయ్యలేదు," అంది. "దీన్ని సరిచెయ్యమని ఎవరికి రాయాలి?"

అటెండరు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, బల్ల మీది కలం తీసి జేబులో పెట్టుకున్నాడు.